పాతర వాసన

“మొలవకపోవడం నేరమా?” అని అడిగాడు మద్దిలేటి, మట్టికుండీ ముందు గొంతుక్కూర్చుని.

“మొలిచినవి చూడండి. నేరం అక్కడుంది,” అన్నాడు పరాంకుశం. ఆయన మాత్రం కూర్చోలేదు. తెల్ల ప్యాంటుకు నల్లరేగడి అంటుకుంటుందని ఆయన భయం.

వరసగా పెట్టిన కుండీల్లో సగానికి సగం వట్టి మట్టితో బోసిగా ఉన్నాయి. తక్కినవాటిలో అక్కడొకటి ఇక్కడొకటిగా లేచిన జొన్న మొక్కలు జానెడైనా ఎదక్కుండా పాలిపోయాయి. వాటి మొదళ్ళ చుట్టూ తెల్లటి చిన్న పూలు ముద్దుగా విచ్చుకుని ఉన్నాయి. అది జొన్నమల్లె. పేరు మల్లె గానీ పని జలగది. భూమి లోపలే జొన్నవేరుకు నోరు పెట్టి సారమంతా పీల్చేస్తుంది. పైన పువ్వు కనబడేసరికి రైతు చేయగలిగింది ఏమీ ఉండదు, నెత్తిన చేతులు పెట్టుకోవడం తప్ప.

నంద్యాల ఊరి చివర ఉన్న ఆ పరిశోధన క్షేత్రం మద్రాసు పత్తి వ్యాపారులు పెట్టిన ట్రస్టుది. అక్కడ నాలుగేళ్లుగా సహాయకురాలిగా పనిచేస్తున్న లూదియా, మల్లె ముట్టని జొన్నను తయారు చేశానంది. ఆ ఏడు ట్రస్టు ఒక ఫెలోషిప్ ప్రకటించింది. డాక్టరేటు లేనివారికి దక్కితే మూడేళ్లు బొంబాయిలో పరిశోధన, నెలనెలా స్టైపెండు, హాస్టలు ఖర్చు. డాక్టరేటు ఇదివరకే ఉన్నవారికి దక్కితే రెండేళ్లు ఇంగ్లండులో పైపరిశోధన. ఏదైనా ఒక్కరికే. ఈ క్షేత్రం నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళు ఇద్దరు, లూదియా, ఆమె పై అధికారి డాక్టర్ చెన్నకేశవులు. మాటలు కాదు, రుజువు కావాలంది ట్రస్టు. లూదియా తన విత్తనమంతా ఒక్క గింజ మిగుల్చుకోకుండా అప్పగించాలి. కమిటీవాళ్ళ ఎదుట సంచీకి లక్క సీలు పడాలి. మల్లె విత్తనం కలిపిన మట్టిలో ట్రస్టు మనిషే విత్తాలి. అలాగే వైశాఖంలో విత్తారు. ఆషాఢంలో తేలిన ఫలితం ఇదీ.

దీన్ని తేల్చడానికి ట్రస్టు పంపిన మనిషి పరాంకుశం, మద్రాసు పోలీసుశాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఆయన రిపోర్టు అప్పటికే సిద్ధం. దగా అన్న ఒక్క ముక్కను నాలుగు పేజీలకు సాగదీశాడు. సాయంత్రం కర్నూలు బస్సులో అది వెళ్ళిందంటే, రేపు అక్కడ కూర్చునే కమిటీ ఫెలోషిప్పును డాక్టరు చేతిలో పెడుతుంది. లూదియాకు పోయేది అదొక్కటే కాదు. దగా చేసిందని పేరు పడిన మనిషిని ఇక ఏ ప్రయోగశాలా గడప తొక్కనివ్వదు.

ఇక మద్దిలేటి కర్నూలులో ప్రైవేటు డిటెక్టివు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయి ఏడాది కాలేదు, కర్నూల్లో రహస్యాలు కూడా దాని వెంటే పోయినట్టున్నాయి. ఈగలు తోలుకుంటూ కూర్చున్నవాడికి జాన్ పంతులు నుంచి కబురొచ్చింది. ఆ పంతులు లూదియా తండ్రి, మద్దిలేటికి చిన్నప్పుడు చెవి మెలేసి ఎక్కాలు నేర్పినవాడు. ఫీజు ఊసెత్తకుండా మద్దిలేటి పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు.

“పరాంకుశం గారూ, నాకొక సందేహం,” అన్నాడు మద్దిలేటి, లేచి చేతులు దులుపుకుంటూ. “ఈమె అబద్ధమే ఆడిందనుకుందాం. మామూలు జొన్నలు తెచ్చి గొప్ప జొన్నలని నమ్మించాలనుకుంది. అట్లాంటిది కనీసం మొలిచే జొన్నలన్నా తేదా? మల్లె పుట్టినందుకు దగా అన్నారు, బాగుంది. మరి సగం మొలవనందుకు ఏమంటారు?”

“అజాగ్రత్త అంటాను.”

“దగా చేసేవాళ్ళకుండే జాగ్రత్త పతివ్రతలకు కూడా ఉండదండీ.”

పరాంకుశం వెండి డబ్బీ తీసి చిటికెడు నశ్యం పీల్చాడు. “ఆ అమ్మాయే నోరు విప్పడం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

మద్దిలేటి నవ్వాడు. ఆ దురద ఉండబట్టే కదా ఈ వృత్తిలోకి వచ్చింది.

విత్తనాల గది మెట్ల మీద లూదియా కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయి. ఏడ్చిన ఆనవాలు లేదు గానీ, కోపంతో పళ్ళు బిగబట్టి బిగబట్టి దవడలు నొప్పెడుతున్నట్టుంది ముఖం.

“పాపా, నేనడిగేదానికి సూటిగా చెప్పు. నువ్విచ్చిన గింజ మొలుస్తాదా?”

“నూటికి తొంభై మొలుస్తాది సార్. కావాలంటే దేవుని మీద...”

“దేవుణ్ణి ఈడికి ఎందుకులే. సంచీ ఎవురికిచ్చినావు?”

“డాక్టర్ సార్‌కే. శనివారం పొద్దుమూకేటప్పుడు. సోమవారం కమిటీవాళ్ళొచ్చి సీలు వేసినారు.”

“సీలు వేసేటప్పుడు సంచీ విప్పి చూసినావా?”

“నన్ను దగ్గరికే రానీలేదు. నేను ముట్టుకుంటే రుజువు చెడిపోతాదంట. విత్తేటప్పుడు కూడా గడప అవతలే నిలబడినా.” ఆమె ఖాళీ అరచేతులు చూసుకుంది. “నాలుగేండ్లు సార్. మల్లె కమ్మిన చేన్లో ఒక్క మొక్క పచ్చగా నిలబడింటే దాని కంకి కోసుకోని, మళ్ళా విత్తి, మళ్ళా ఏరి... ఇప్పుడు నా చేతిలో ఒక గింజ కూడా లేదు.”

మద్దిలేటి డాక్టరు గదికి నడిచాడు. పరాంకుశం వదలకుండా వెంట వచ్చాడు.

డాక్టర్ చెన్నకేశవులు ఎంతో మర్యాదస్థుడు. కుర్చీలు వేయించి, కాఫీ తెప్పించి, లూదియాను తలుచుకుని నిట్టూర్చాడు. “కష్టపడే పిల్ల. ఆశ పడింది, అంతే. ఆమెను మరీ బజారుకు ఈడ్చకండి. మీరంతా మరిచిపోతే నేనూ మరిచిపోతాను.”

ఎదుటివాడి మీద ఇంత సులువుగా జాలి పడేవాళ్ళంటే మద్దిలేటికి మొదటినుంచీ అనుమానం.

“శనివారం సంచీ మీ చేతికొచ్చింది. సోమవారం సీలు పడింది. నడుమ ఆదివారం యాడుండారు సార్?”

“ఇక్కడే. జ్వరంగా ఉండి క్వార్టర్సు దాటలేదు. సంచీ ఇనుప బీరువాలో ఉంది, తాళం నా మొలతాడుకుంది.”

“చాలా? ఇంకేమైనా ఉందా?” అన్నాడు పరాంకుశం బయటికొస్తూ. “సీలు చెక్కు చెదరలేదు. స్వయంగా చూశాను.”

“సీలు తన తరువాతి సంగతి చెప్తుంది. తనకు ముందు లోపల ఏం పోశారో దానికేం తెలుసు?”

విత్తగా మిగిలిన గింజలు అదే సంచీలో విత్తనాల గదిలోనే ఉన్నాయి. గది చల్లగా, శుభ్రంగా ఉంది. అరల నిండా గాజుసీసాలు, ప్రతిదాని మీదా చీటీ. మద్దిలేటి సంచీ కుట్టు చూశాడు. లూదియా చేతి కుట్టే, ఒకసారి విప్పి మళ్ళీ కుట్టిన జాడ ఉంది గానీ, కమిటీవాళ్ళు చూడటానికి విప్పారని పరాంకుశం వెంటనే అడ్డు తగిలాడు. సరే, దారం సాక్ష్యం చెల్లలేదు. మద్దిలేటి గింజలు దోసిట్లో పోసుకుని చూశాడు. తెల్లజొన్నలే, కాకపోతే కాస్త మసకబారి ఉన్నాయి. వాటి మధ్య మెత్తబడి నల్లగా మారిన చొప్ప ముక్క ఒకటి తగిలింది. దోసిలి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

చిన్నప్పుడు అవ్వగారింట్లో చాటలోంచి గుప్పుమనే వాసన అది, పుల్లగా, ముక్కిపోయి, తడిమట్టి ఆవిరి పట్టినట్టు.

“వాసన చూడండి,” అని దోసిలి చాపాడు.

పరాంకుశం వంగి పీల్చాడు. “జొన్నల వాసన.”

పాపం, ముప్ఫై ఏళ్ల నశ్యానికి ఆ ముక్కు ఎప్పుడో రాజీనామా ఇచ్చింది. మద్దిలేటి గడప దగ్గరున్న లూదియాను పిలిచాడు. ఆమె ఒక్కసారి వాసన పీల్చి దోసిలి మీంచి తల పైకెత్తింది.

“పాతర,” అంది.

“పాతర అంటే?” అన్నాడు పరాంకుశం.

“మా పక్క పెద్ద ఇండ్లలో భూమిలో గొయ్యి తవ్వుతారు సార్. లోపల చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన మన్నేసి మూస్తారు. ఏండ్లు గడిచినా పురుగు పట్టదు. అయితే గాలాడక లోపల ఉడికినట్టయితాది. అవి తినేదానికే. పాతర జొన్న విత్తనానికి ఎవురూ ముట్టరు, మొలవదు కాబట్టి. విత్తనం కంకులు వేరే, పొయ్యి మీద దూలానికి కట్టుకుంటాం.”

“విన్నారు కదా,” అన్నాడు మద్దిలేటి. “నాలుగేళ్లు విత్తనంతోనే బతికిన మనిషి పాతర జొన్నలు తెచ్చి రుజువుకు పెడుతుందా? ఇది ఎవరో ఎప్పుడూ నాగలి ముట్టని మనిషి పని. పాతర కూడు తిని పెరిగాడు గానీ విత్తు పట్టలేదు. మల్లె పూస్తే చాలనుకున్నాడు, మొలక సంగతి తట్టలేదు.” అని లూదియా వైపు తిరిగాడు. “వైశాఖంలో పాతర తీసిన ఇల్లు ఈ చుట్టుపక్కల ఏదైనా తెలుసా?”

పాతర తీయడం గుట్టుగా జరిగే పని కాదు. మూత తీసి ఒక పూటంతా చెడుగాలి పోనివ్వాలి. దీపం దించి, అది ఆరకపోతేనే మనిషి దిగాలి. వీధి వీధంతా వచ్చి చేయి వేస్తుంది, వచ్చినవాళ్ళ కొంగులో తలా శేరు పోస్తారు.

“ఆళ్ళగడ్డలో ఉమామహేశ్వరమ్మ గారింట్లో తీసినారు,” అంది లూదియా మెల్లిగా. “ఆ వారమే. మన జొన్న చేను వేసింది వాళ్ళ పొలంలోనే సార్. ఆమె డాక్టర్ సార్‌కు మేనత్త.”

పరాంకుశం గడియారం చూసుకున్నాడు. “మేనత్త ఉండటం నేరం కాదు. నా రిపోర్టు సాయంత్రం బస్సులో వెళ్తుంది.”

“వెళ్ళనీయండి. అందాకా నన్ను ఆపకండి.” మద్దిలేటి లూదియాను వెంటబెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సుకు పరుగెత్తాడు. పరాంకుశం డాక్టరు గది వైపు నడవడం అతను చూడలేదు. చూసి ఉంటే ఆ పూట ఇంకోలా ముగిసేదేమో.

ఉమామహేశ్వరమ్మ అరవై దాటిన మనిషి. భర్త పోయాక సేద్యమంతా తన నోటి మీదే నడిపిస్తోందని వీధి మొదట్లోనే వినబడింది. మద్దిలేటిని చూడగానే వసారాలో మంచం వాల్చింది. లూదియాకు అరుగు చూపించింది.

“యా ఊరప్పా మీది?”

“కర్నూలమ్మా. మీ పాతర గురించి అడిగిపోదామని వచ్చినా.”

“పాతర గురించి అడిగేదానికి కర్నూలు నుంచి వచ్చినావా?” అని ఆమె విచిత్రంగా చూసి, లోపలికి తిరిగి కేకేసింది. “రంగమ్మా, వచ్చినోళ్ళుండారు. బేగా రెండు రొట్టెలు చెయ్యి. ఆ పాతర జొన్నలు వద్దు, వాసన. మంచివి తీసుకో.”

లోపల విసుర్రాయి గరగరమని తిరగడం మొదలైంది. ఆ చప్పుడు మీదుగానే మద్దిలేటి గొంతు పెంచి అడిగాడు.

“పాతర తీసిన వారంలో ఎవురెవురు వచ్చినారమ్మా?”

“ఎవురు రాలేదని అడుగు. వీధంతా వచ్చింది. ఈ పాప కూడా వచ్చింది కదా, చేనికాడ నుంచి.”

“చుట్టాలెవురన్నా?”

“మా చెన్నడొచ్చినాడు. నంద్యాలలో డాక్టరు, మనుషులకు కాదు, మొక్కలకు.” ఆమె గొంతులో గర్వం దాగలేదు. “ఆదివారం మధ్యాన్నం జీపులో వచ్చి, అన్నం కూడా తినకుండా పాయ.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, మేనత్త పట్టిస్తుంది. మద్దిలేటికి లోలోపల ఉబ్బితబ్బిబ్బుగా ఉంది. క్వార్టర్సు దాటని జ్వరం మనిషి ఆళ్ళగడ్డ దాకా వచ్చి అన్నం తినకుండా పోయాడు.

“వచ్చి ఏం చేసినాడమ్మా?”

“ఏం చేస్తాడు? నాలుగు శేర్ల పాతర జొన్నలు కొలిపించుకోని పట్కపోయినాడు.”

విసుర్రాయి తిరుగుతూనే ఉంది. మద్దిలేటి ఇంకో ప్రశ్న వేయాల్సిన చోట, అన్నీ తెలిసిపోయాయన్న సంతోషంలో నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. ఆ పొరపాటు తరువాత అతన్ని చాలాకాలం పీడించింది.

రొట్టెలొచ్చాయి. మద్దిలేటికి కంచంలో, లూదియాకు అరుగు మీద విస్తరాకులో, తగలకుండా ఎత్తు నుంచి. మద్దిలేటికి అది ముల్లులా గుచ్చుకుంది. పని చెడుతుందని నోరు మూసుకున్నాడు, అందుకు తన మీద తనకే చిరాకు కలిగింది. ఆ చిరాకులోనే సగం రొట్టె తినేశాడు. చాలా బాగుంది. కొంచెం తియ్యగా, అంచుల దగ్గర ఎర్రగా కాలి ఉంది.

“సార్,” అంది లూదియా.

ఆమె మొదటి తుంట నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది. కళ్ళు పెద్దవయ్యాయి.

“ఏమైంది పాపా?”

“ఇది నా జొన్న.”

మద్దిలేటికి అర్థం కాలేదు.

“విరిగిన గింజలు, విత్తనానికి పనికిరానివి, ఇంటికి తీసుకుపోయేదాన్ని. మాయమ్మ రొట్టెలు చేసేది. నాలుగేండ్లుగా మాయింట్లో ఇదే రొట్టె సార్. ఈ తీపి వేరే యా జొన్నకూ లేదు.” ఆమె ఉమామహేశ్వరమ్మ వైపు తిరిగింది. “అమ్మా, ఈ జొన్నలు యాడివి?”

ఉమామహేశ్వరమ్మ జవాబు చెప్పేలోపు వీధిలో జీపు ఆగింది. ముందు పరాంకుశం, వెనకే డాక్టర్ చెన్నకేశవులు లోపలికొచ్చారు. “ట్రస్టు తరఫున చెబుతున్నాను, ఈ వేధింపు ఇంతటితో ఆపాలి,” అని పరాంకుశం మొదలుపెట్టబోయాడు.

“రా చెన్నా,” అంది మేనత్త, ఆ పెద్దమనిషిని పట్టించుకోకుండా. “సమయానికొచ్చినావు. నువ్విచ్చిన బదులు జొన్నలు బాగుండాయప్పా. రొట్టె తిందువు, కూర్చో.”

“ఏ బదులు?” అన్నాడు డాక్టరు.

“ఏందీ, మరిచిపోతివా? పాతర తీసిన వారం, ఆదివారం వచ్చి నువ్వు పాతర జొన్నలు పట్కపోయి, సమానంగా మంచివి మూటగట్టి ఆ మూల పెట్టిపోతివే. మళ్ళా వస్తానంటివి గానీ, బదులు తిరిగిచ్చినోడు మళ్ళా దానికోసం వస్తాడా? మేము ఉప్పు తీసుకున్నా కొలిచి బదులు తీర్చే వంశం, వీడు కూడా మరిచిపోలేదని సంతోషపడినా.”

ఆ పల్లెల్లో గింజ అరువు తెచ్చుకుంటే అదే కొలతకు గింజే తిరిగివ్వాలి. ఇచ్చాక అది ఇచ్చినవాళ్ళది కాదు. ఆ సంగతి ఆ ఇంట్లో పసిబిడ్డకు కూడా తెలుసు. లూదియా గింజను తన కోసం అక్కడ దాచుకుని ఇంగ్లండు వైపు చూస్తూ నిలబడ్డ మేనల్లుడికి మాత్రం గుర్తు రాలేదు.

డాక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. “అంతా?” అన్నాడు.

“మా అల్లుడొచ్చినప్పుడు సగం. ఈ పొద్దు వీళ్ళకు సగం.”

“అత్తా, అవి విత్తనాలు.” అతను స్తంభం పట్టుకున్నాడు. “నాలుగేళ్ల పని. లోకంలో ఇంకెక్కడా లేదు ఆ గింజ. ఒక్కటి కూడా లేదు. తినేశారా?”

పరాంకుశం నశ్యం పట్టిన చిటికె ముక్కు దాకా వెళ్ళకుండా గాల్లోనే ఆగిపోయింది. మద్దిలేటి ఒక్క ప్రశ్న కూడా వేయనవసరం లేకపోయింది. దొంగ అయితే ఏం, ఆ గింజ విలువ తెలిసిన మనుషులు ఆ ఇంట్లో ఇద్దరే. ఒకరు అరుగు మీద, ఇంకొకరు స్తంభం దగ్గర ఉన్నారు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి.

“ఆదివారం క్వార్టర్సు దాటలేదన్నారు కదా డాక్టరు గారూ,” అన్నాడు పరాంకుశం. లోపలి జేబులోంచి రిపోర్టు తీసి రెండుగా చింపాడు. “మద్దిలేటి గారూ, దగా అన్న మాట నేను వెనక్కి తీసుకుంటాను. కానీ కమిటీ ఇచ్చేది మంచి పేరుకు కాదు, పనికి. రేపు ఈ అమ్మాయి వాళ్ళకు ఏం చూపిస్తుంది?”

మద్దిలేటి తన కంచం వంక చూసుకున్నాడు. ఇంకా ఒకటిన్నర రొట్టె మిగిలి ఉంది. తినడానికి చేయి రాలేదు, వదిలేయడానికి మనసు రాలేదు. తాను రాకపోయి ఉంటే ఆ సగం మూట మూలనే భద్రంగా ఉండేది.

అప్పుడు అతనికి చెవుల్లో పడింది. లోపల విసుర్రాయి ఇంకా తిరుగుతోంది, మరో వాయి రొట్టెల కోసం.

ఉమామహేశ్వరమ్మకు కూడా వినబడినట్టుంది. ఆ వయసులో అంత వేగంగా లేవగలదని ఎవరూ అనుకోరు. “ఆపే రంగమ్మా, రాయి ఆపు,” అంటూ లోపలికి పోయింది. చప్పుడు ఆగింది. రాయి ఎత్తి పక్కన పెట్టిన బరువు శబ్దం వచ్చింది. కాసేపటికి ఆమె కొంగులో పిండి, పలుకులు, పొట్టు పట్టుకుని వచ్చి నేరుగా అరుగు దగ్గరికి నడిచింది. ఈసారి ఎత్తు నుంచి వదల్లేదు. లూదియా పక్కనే కూర్చుని, ఆమె చేయి పట్టుకుని, అరచేతిలో పోసింది.

“చూడమ్మా. ఏమన్నా బతికుండాయేమో.”

లూదియా వేలికొసతో పిండి తోసింది. పగిలినవి, నలిగినవి, సగం విరిగినవి. ఒక్కొక్కటీ పక్కకు జరిపింది. చివరికి చేతిలో నిలిచిన నిండు గింజలు ఏడు.

“ఒక్కటి మొలిచినా చాలు సార్,” అంది. “కంకి వస్తే మళ్ళా మొదలుపెడతా. ఏడు చూపిస్తా రేపు.”

మద్దిలేటికి ప్రాణం లేచొచ్చింది. ఆమె ముఖం చూద్దామని తలెత్తి, మధ్యలోనే ఆగిపోయాడు. స్తంభం దగ్గరి డాక్టరు కళ్ళల్లో నీళ్ళు ఆరిపోయాయి. అతను ఎవరి ముఖమూ చూడటం లేదు. రెప్ప వేయకుండా ఆ అరచేతినే చూస్తున్నాడు, ఒక అడుగు ముందుకు కూడా వేశాడు.

లూదియా గుప్పిలి మూసింది.